రెండు గంటలు ముందుకు

ఆ వీధిలో ఆయన్ని అందరూ టైంగారు అనేవారు. అసలు పేరు దుకాణం బోర్డు మీద ఉండేది కానీ ఎండకు వెలిసిపోయి చాలా ఏళ్ళయింది. మెట్ల కింద దుకాణం. కూర్చుంటే మోకాళ్ళు గోడకు తగులుతాయి, లేస్తే తల మెట్టుకు తగులుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అక్కడ తల వంచుకునే లేచాడు. ఇప్పుడు ఆరుబయట కూర్చున్నా వంచుకునే లేస్తాడు.

బల్ల మీద ఒక దీపం, కంటికి ఇరికించుకునే భూతద్దం, విప్పిన గడియారాల చక్రాలు వేసి ఉంచే గాజు గిన్నె. గోడ నిండా బాగుచేయమని ఇచ్చిన గడియారాలు. ఏ రెండూ ఒకే టైము చూపించవు. ఏది నమ్మాలని ఎవరైనా అడిగితే తన చేతి వాచీ చూపించేవాడు. దాన్ని వీధి మొత్తం నమ్మేది. "ఒక ఐదు నిమిషాలు ముందుకు తిప్పండి టైంగారూ, మా వాడికి రోజూ బస్సు తప్పిపోతోంది" అంటూ వచ్చేవాళ్ళు. ముందుకు, వెనక్కి. ఆయన పని మొత్తం ఆ రెండు మాటల్లోనే ఉండేది.

భార్య మందుల షాపులో కౌంటరు వెనక నిలబడేది. కూర్చోడానికి స్టూలు ఉంది కానీ దాని మీద ఎప్పుడూ దగ్గు మందు పెట్టెలుండేవి. ఇరవై ఆరేళ్ళు అలా నిలబడింది. ఆ నిలబడడమంతా పోయి మోకాళ్ళలో చేరింది. రెండూ మార్చాల్సిందేనన్నాడు డాక్టరు. ఆపరేషనుకు ఎనిమిది నెలలు ఆగితే తేదీ దొరికింది. సోమవారం పొద్దున. ఆదివారం సాయంత్రానికల్లా ఆస్పత్రిలో ఉండాలి. ఆ రోజు తప్పితే మళ్ళీ ఎనిమిది నెలలు.

తేదీ ఖాయమైన సాయంత్రం ఆమె అడిగింది.

"ఈలోగా ఎక్కడికైనా వెళ్దామండీ."

"ఎక్కడికి?"

"మా షాపు క్యాలెండర్లో కొండల మధ్య సరస్సు ఉందే, అక్కడికి. చుట్టూ నడిచే బాట ఉందట. నాలుగు కిలోమీటర్లు. ఇవి నాతో పుట్టిన మోకాళ్ళు. పోయేముందు వీటితో ఒక్క చుట్టు నడుస్తాను."

"కొత్తవి పెట్టాక హాయిగా నడవచ్చు కదా."

"అది వాళ్ళు బిగించిన నడక. నాది కాదు."

పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి సెలవు మీద ఎక్కడికీ వెళ్ళింది లేదు. అలా జరిగిపోయింది.

టిక్కెట్లు మరదలు తీసింది. ఆమె కొరియర్ ఆఫీసులో పని చేసేది. ఎవరి పొట్లం ఏ ఊళ్ళో చిక్కుకుందో జనానికి చెప్పడం ఆమె ఉద్యోగం. "ఇవన్నీ మీకెందుకు, నాకొదిలేయండి బావగారూ" అని తన నంబరే ఇచ్చింది. విమానం వాళ్ళ కబుర్లన్నీ ఆమె ఫోనుకే వచ్చేవి.

మొదట శుక్రవారం పొద్దున తొమ్మిది పదికి. సరస్సు దగ్గర ఏడు రోజులు. నెల తిరక్కుండా కబురొచ్చింది, తొమ్మిది పది కాదు, పదకొండు యాభై. సరే అనుకున్నారు. తరవాత ఇంకోటి. నేరుగా వెళ్ళదు, మధ్యలో ఒక ఊళ్ళో దిగి ఐదు గంటలు కూర్చోవాలి. అదీ సరేననుకున్నారు. భార్య అక్కడ కూర్చోడానికి ఒక చిన్న దిండు కొంది. ఆ తరవాత శుక్రవారం విమానమే తీసేశారు. ఆదివారం వెళ్ళమన్నారు. రెండు రోజులు పోయాయి. మళ్ళీ కొన్నాళ్ళకు, మధ్యలో దిగక్కర్లేదు, నేరుగానే, ఆదివారం పదిన్నరకు అన్నారు. దిండు బీరువా మీదికి చేరింది.

ప్రతిసారీ ఆయన క్యాలెండర్లో పాతది కొట్టేసి కొత్తది రాసేవాడు. ఆ గడిలో ఇంక జాగా లేదు. పక్క గడిలోకి, పై గడిలోకి పాకింది. ఆమె మొదట్లో కోప్పడింది, తరవాత నవ్వింది, ఆ తరవాత విని ఊరుకుంది. మందుల షాపులో తోటివాళ్ళు "ఎప్పుడు ప్రయాణం?" అంటే "వాళ్ళనడగాలి" అని పైకి చూపించేది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి దుకాణంలో ఫోను మోగింది. ఆయన కంటికి భూతద్దం ఉంది, చేతిలో చిమటా ఉంది, చిమటా కొసన ఆవగింజంత మరమేకు ఉంది. ఫోను భుజానికి, చెవికి మధ్య ఇరికించుకున్నాడు. వెనక కొరియర్ ఆఫీసులో ఎవరో పొట్లం కోసం కేకలేస్తున్నారు.

"బావగారూ, మళ్ళీ మార్చారు. రేపటిది రెండు గంటలు ముందుకు జరిపారు."

"ముందుకా?"

"ముందుకే. రెండు గంటలు. అక్క ఫోను ఎత్తట్లేదు, మీరు చెప్పేయండి. ఉంటాను, ఇక్కడొకాయన నన్ను చంపేసేలా ఉన్నాడు."

మరమేకు దాని గుంటలో కూర్చుంది. సాయంత్రం ఇంటికెళ్ళి పన్నెండున్నర అని చెప్పాడు. టైము విషయంలో ఆయన మాటకు ఆమె ఎప్పుడూ మారు ప్రశ్న వేసి ఎరగదు. "పోనీలెండి, తీరిగ్గా లేవచ్చు" అంది. దుకాణం తలుపుకు ఆయన అట్టముక్క కట్టి వచ్చాడు. ఊరెళ్ళాం, ఆదివారం నుంచి శనివారం దాకా సెలవు.

ఆదివారం తీరిగ్గానే లేచారు. విమానాశ్రయంలో కౌంటరు దగ్గర నిలబడేసరికి పది కావడానికి నాలుగు నిమిషాలుంది. కౌంటర్లో అమ్మాయి టిక్కెట్టు చూసింది, తెర చూసింది, వాళ్ళ మొహాలు చూసింది.

"మీ విమానం ఎనిమిదిన్నరకే వెళ్ళిపోయిందండీ."

"లేదమ్మా. పన్నెండున్నరకు." ఆయన చెయ్యి చాపి వాచీ చూపించాడు. "ఇంకా పది కూడా కాలేదు."

"మీ వాచీ కరెక్టే సార్. విమానం కూడా కరెక్టే."

ఆయన మరదలికి ఫోను చేశాడు. ఆమె మాట పక్కనున్న భార్యకూ వినిపిస్తోంది.

"ముందుకు అన్నానా లేదా బావగారూ?"

"అన్నావు. పదిన్నరను రెండు గంటలు ముందుకు జరిపితే పన్నెండున్నరే కదా?"

అవతల నుదురు కొట్టుకున్న చప్పుడైంది.

"ఓరి నాయనో. పరీక్ష ముందుకు జరిపారంటే ఏమనుకుంటారు ఎవరైనా? తొందరగా పెట్టారనుకుంటారు. ముందంటే ముందే కదా!"

"ముల్లును ముందుకు జరిపితే..."

"మనం గడియారం ఎక్కుతున్నామా బావగారూ? విమానం ఎక్కుతున్నాం!"

ఆయన ఫోను కిందికి దించాడు. దుకాణంలో ఎన్ని వేలసార్లు ముందుకు తిప్పాడో. ప్రతిసారీ టైము పెరిగింది. ఒక్కసారి కూడా తగ్గలేదు. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఆయనకు తెలియక కాదు. పెళ్ళిళ్ళు ముందుకు జరగడం, పరీక్షలు ముందుకు రావడం ఆయనా విన్నవాడే. కానీ ఈసారి భూతద్దం కంటికి ఉన్నప్పుడు విన్నాడు.

భార్య సూట్‌కేసు మీద కూర్చుంది. కోప్పడుతుందేమోనని చూశాడు. ఆమె మోకాలు రుద్దుకుంటోంది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పారు" అంది. "అది కూడా నా పని మీద."

గట్టిగా తిట్టుంటే బాగుండేదనిపించింది ఆయనకు.

కౌంటర్లో అమ్మాయి చాలాసేపు మీటలు నొక్కింది. ఇన్నిసార్లు మార్చింది తామే కాబట్టి వేరే సీట్లు ఇస్తామంది. కానీ అంతటా నిండిపోయి ఉంది. గురువారం మధ్యాహ్నం ఒంటిగంట పదికి రెండున్నాయి. తిరుగు ప్రయాణం మాత్రం శనివారమే, సాయంత్రం నాలుగింటికి.

"అంటే అక్కడ ఒక్కరోజు" అన్నాడాయన.

"శుక్రవారం పూర్తిగా ఉంటుంది సార్" అంది అమ్మాయి, పోగొట్టుకున్నది వెతికి తెచ్చి ఇచ్చినట్టు.

"ఒక చుట్టుకి ఒకరోజు చాలు" అంది భార్య. "రాయించండి."

ఇంటికి వెనక సందులోంచి వెళ్ళారు. ఎదర తలుపు తీయడానికి ఆయనకు మొహం చెల్లలేదు. వీధికంతా టైము చెప్పేవాడు విమానం అందుకోలేకపోయాడంటే ఇంకేమైనా ఉందా. దుకాణం అట్టముక్క అలాగే ఉంచాడు. ముందు గది కర్టెన్లు దించాడు. రేడియో గొంతు తగ్గించాడు. సొంత ఇంట్లో దొంగల్లా మసిలారు.

సూట్‌కేసు విప్పి బీరువాలో సర్దబోతే ఆమె ఆపింది. "ఉండనీయండి. మళ్ళీ సర్దే ఓపిక నాకు లేదు." అందుకని సూట్‌కేసు మంచం పక్కన నేల మీద నోరు తెరుచుకుని ఉంది. బట్టలు అందులోంచే తీసుకున్నారు, అందులోనే పెట్టారు. చిన్న సబ్బు, చిన్న టూత్‌పేస్టు వాడారు. పెద్దవి అరలో ఎదురుగానే ఉన్నాయి.

సోమవారం పదింటికి వెనక తలుపు తాళం తిరిగింది. మొక్కలకు నీళ్ళు పోయమని పైవాటా ఆవిడకు తాళంచెవి ఇచ్చిన సంగతి ఇద్దరికీ గుర్తులేదు. ఆవిడ చెంబుతో లోపలికొచ్చింది. వంటింటి బల్ల దగ్గర భార్యాభర్తలిద్దరూ పొట్లంలోంచి రొట్టె తీసి తింటున్నారు. ఆవిడ కెవ్వుమంది.

"మీరు ఊరెళ్ళలేదా?"

"బయల్దేరాం" అంది భార్య. "ఇంకా చేరలేదు."

కథంతా వినక తప్పలేదు, చెప్పక తప్పలేదు. ఆవిడ చెంబు బల్ల మీద పెట్టి కూర్చుంది. "అయ్యో, టైంగారికే టైం..." అనబోయి నాలిక్కరుచుకుంది. మొక్కలకు నీళ్ళు పోసి మరీ వెళ్ళింది. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ఎదురింటి రిటైరైన కండక్టరు కిటికీలోంచి గట్టిగా అడిగాడు. "టైంగారూ, నా గడియారం శనివారానికి ఇస్తారా, ముందుకా?"

ఆయన కర్టెను ఇంకాస్త లాగాడు. వెనక భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆదివారం నుంచి ఆమె నవ్వడం అదే మొదలు. అందుకని కండక్టరు మీద కోపం నిలవలేదు.

ఆమె సోమవారం నుంచే పొద్దున్నే, వీధిలో జనం తిరగకముందు నడవడం మొదలుపెట్టింది. మోకాళ్ళు బిగుసుకోకూడదని. కరెంటు స్తంభాలు కొండగుర్తు. సోమవారం పదకొండో స్తంభం దాకా వెళ్ళింది. మంగళవారం తొమ్మిది. బుధవారం ఏడో స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. ఆయన గుమ్మంలోంచి చూస్తున్నాడు. వెళ్ళి తీసుకురావాలా, చూడనట్టు ఉండాలా తేల్చుకోలేకపోయాడు. కాసేపటికి ఆమే వచ్చింది. కుర్చీలో కూర్చుని చీర కాస్త పైకి లాగింది. కుడి మోకాలు వాచి మెరుస్తోంది.

"ఆదివారమే వెళ్ళుంటే నడిచేదాన్నండీ" అంది, మామూలుగానే.

ఆయన గిన్నెలో వేడినీళ్ళు తెచ్చాడు. గుడ్డ ముంచి, పిండి, మోకాలి మీద వేశాడు. గడియారాలు పట్టే చేతులు, నొప్పి తగలకుండా వేయడం తెలుసు. చల్లారేదాకా ఉంచి మళ్ళీ ముంచాడు.

"మానేద్దామా?" అన్నాడు.

"మానేస్తే ఈ సూట్‌కేసు విప్పాలి" అంది.

మరదలు ఆ మధ్యాహ్నం నుంచి ఫోను చేయడం మానేసి రాసి పంపింది. 'గురువారం. 1.10. మధ్యాహ్నం. పగలు. ఎండ కాసేటప్పుడు. బావగారు రెండుసార్లు చదవగలరు.' ఆయన రెండుసార్లు చదివాడు. కాగితం మీద ఒకటి, చుక్క, పది అని అరచేయంత అంకెలు వేసి తలుపుకు అంటించాడు.

గురువారం తొమ్మిదింటికే విమానాశ్రయంలో ఉన్నారు. అదే అమ్మాయి. వాళ్ళను చూసి నవ్వి, అంతలోనే నవ్వు దాచుకుంది. విమానం నలభై నిమిషాలు ఆలస్యమన్నారు, తరవాత ఇంకో ఇరవై అన్నారు. ఎవరెవరో విసుక్కున్నారు, ఎవరో కౌంటరు మీద గుద్దారు. వీళ్ళిద్దరూ కదల్లేదు. విసుగు కూడా అయిపోయింది వాళ్ళకు. ఆమె నడుము వెనక బీరువా మీంచి తీసిన దిండు ఉంది.

సరస్సు దగ్గరికి చేరేసరికి వెలుగు తగ్గింది. బస గది కిటికీలోంచి చూస్తే కొండల కింద చదునుగా బూడిద రంగు ఉంది, అంతే. "అదేనా?" అంది. "అదే అయుండాలి" అన్నాడు. బూట్లు విప్పకుండానే నిద్రపోయారు.

శుక్రవారం పొద్దున వాన. కిటికీ దగ్గర రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎనిమిదైంది, తొమ్మిదైంది, పదైంది. ఆయన చేతి వాచీ చూసుకోవడం ఆమె చూసింది. పదకొండు దాటాక చినుకులు సన్నగిల్లాయి. బస యజమాని గొడుగు, ఒక చేతికర్ర ఇచ్చి, బాట పొడవునా బెంచీలున్నాయని చెప్పాడు.

పగలు చూస్తే సరస్సు దాదాపు గుండ్రంగా ఉంది. క్యాలెండర్లో ఉన్నంత నీలం కాదు.

"ఎటు నుంచి?" అన్నాడు.

"గడియారం తిరిగే వైపే నడుద్దాం. ఇంకో వైపు మీకు తిరగదు."

బస ఉన్నచోటు పన్నెండు అనుకుందామన్నాడాయన. అక్కణ్ణించి ఎడమ చేతి వైపు మొదలుపెట్టారు. తడి బాట, కంకర. ఆమె ఒక చెయ్యి కర్రకు, ఒక చెయ్యి ఆయనకు ఇచ్చింది. కుడి కాలు వేసినప్పుడల్లా పళ్ళ బిగువున వేసింది. మొదటి బెంచీ దగ్గర కూర్చున్నారు. రెండోదాని దగ్గరా కూర్చున్నారు.

"ఎంతయింది?" అని అడిగేది ఆమె.

ఆయన వాచీ చూడలేదు. వెనక బసను, ఎదర కొండను చూసి చెప్పేవాడు. "రెండు."

తరవాత మూడు, తరవాత నాలుగు. నాలుగు నుంచి ఐదుకు చాలాసేపు పట్టింది. ముసలి దంపతులిద్దరు వీళ్ళను దాటుకుని ముందుకెళ్ళి, మొత్తం చుట్టి వచ్చి, మళ్ళీ దాటారు. రెండోసారి పలకరింపుగా తల ఊపారు.

ఆరు దగ్గర రేకు కప్పిన చావడి ఉంది. బస సరిగ్గా ఎదుటి ఒడ్డున అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. ఆమె కూర్చుని కాళ్ళు చాపింది. పెదవుల రంగు పోయింది. ఆయనకు భయం వేసింది.

"ఇంక చాలు. తిరిగి వెళ్ళిపోదాం" అన్నాడు.

"తిరిగి ఎటు?"

"వెనక్కి."

"ఇప్పుడెక్కడున్నాం మనం?"

"ఆరులో."

"వెనక్కి వెళ్తే ఎంత దూరం?"

ఆయన ఎదుటి ఒడ్డును చూశాడు. ఎడమ నుంచి చూశాడు, కుడి నుంచి చూశాడు.

"అంతే దూరం" అన్నాడు.

"మరి? ఇక్కడ మీ ముందుకూ, మా చెల్లెలి ముందుకూ రెండూ ఒకటే." కళ్ళు మూసుకుని గోడకు తల ఆనించింది. "కాసేపు ఉండి పోదాం. లేపండి నన్ను."

పావుగంటకు ఆయన లేచాడు. రేకు చాలా ఎత్తున ఉన్నా తల వంచుకునే లేచి, ఆమెను లేపాడు.

ఏడు. ఎనిమిది దగ్గర ఒక బెంచీ, తడిగా ఉంది. గొడుగు మడిచి దాని గుడ్డతోనే తుడిచి కూర్చున్నారు. ఆయన జేబులో ఫోను గుర్రుమంది. ఇద్దరూ ఆ జేబు వైపు చూశారు.

"మీ చెల్లెలు" అన్నాడు.

"రేపటి సంగతే అయుంటుంది." ఆమె నీళ్ళను చూస్తోంది. "సోమవారానికి మార్చారంటే మాత్రం ఆ ఫోను ఇందులో పడేయండి. ముందుకు, వెనక్కి అని ఉంటే నాకు చెప్పకండి. ఎన్నింటికో అది ఒక్కటీ చదవండి."

ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"శనివారమే. పదకొండు నలభై."

"పగలా?"

"పగలే. పొద్దున. ఎండ ఉంటుందిట, రాసింది."

సాయంత్రం నాలుగింటిది పొద్దుటికి వచ్చింది. రేపటి పూట కూడా పోయింది. అయితే ఆదివారానికి ఇంట్లో ఉంటారు. ఆమె బస ఉన్న వైపు చూసింది.

"ఇక్కణ్ణించి పన్నెండుకి ఇంకా ఎంత?"

"నాలుగు."

ఆమె కర్ర అందుకుంది. ముందు ఎడమ మోకాలు, ఆ తరవాత కుడిది, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టింది. నిలబడ్డాక కాస్త తూలి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"పదండి" అంది.